అడుగు బరువు

మా చిన్నప్పుడు టాటానగర్ పక్కనున్న మాంగోలో రాత్రి ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడేది. సువర్ణరేఖ అవతల ఉక్కు కంపెనీవాళ్ళు కరిగిన స్లాగ్‌ను గుట్టమీద పారబోసేవారు. ఆ వెలుగు నది దాటి వచ్చి మా డాబామీది నీళ్ళతొట్టిలో కూడా మెరిసేది. తాతగారి వెంట శ్రీకాకుళం నుంచి వచ్చి టాటానగర్‌లో కాపురం పెట్టిన మా నాయనమ్మ, ఆ ఎర్రటి వెలుగులో మాకు ఘటోత్కచుడి కథ చెప్పేది. కర్ణుడి శక్తి గుండెల్లో దిగి ప్రాణం పోతున్నప్పుడు, ఎలాగూ పడతాను గదా, పడేదేదో శత్రువుల మీదే పడతానని ఒళ్ళు కొండంత పెంచి కౌరవసేన మీద కూలాడట. "ఎంత పెద్దోడు నాయనమ్మా?" అని అడిగితే ఆవిడ చేతులు చాపి చూపించేది కాదు. "పడ్డప్పుడే తెలుస్తాదిరా బాబూ, ఎంతోడో" అనేది.

ఆ మాట ఇన్నేళ్ళకు మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. వాడికి గాడ్జిల్లా పిచ్చి. జపాన్ దర్శకుడు తకాషి యమజాకి మరో గాడ్జిల్లా చిత్రం తీస్తాడన్న కబురు 2024లో వచ్చింది మొదలు వాడికి నిద్ర లేదు. "అదిరిపోతుంది మావయ్యా" అంటాడు. అంతలోనే ముఖం వేలాడేసి "చెడగొడితేనో?" అంటాడు. డిమ్నా రోడ్డు టీకొట్టు దగ్గర వాడూ వాడి నేస్తాలూ రోజూ ఇదే పంచాయితీ. మృగాన్ని మరీ పెద్దది చేసేస్తారేమోనని ఒకడి బెంగ. మరీ మంచిదాన్ని చేసేస్తారేమోనని ఇంకొకడి బెంగ. కంప్యూటర్ బొమ్మ గాలిబుడగలా తేలిపోతుందేమోనని మా వాడి బెంగ. వాళ్ళ వాదన వింటుంటే నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఆలోచనా వచ్చింది. లేని మృగాన్ని ఉన్నట్టు చూపడం ఎవరు కనిపెట్టారు, ఎన్నిసార్లు ఓడిపోయారు? ఆ కథ తెలిస్తే ఈ కుర్రాళ్ళ బెంగ ఎంత పాతదో తెలుస్తుంది.

కథ అమెరికాలో మొదలవుతుంది. విల్లిస్ ఒబ్రయన్ అనే ఆయనకు బొమ్మల్ని కదిలించడమే లోకం. లోహపు కీళ్ళున్న బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫొటో, మళ్ళీ కదిలించి మరో ఫొటో. తెరమీద ఒక్క సెకను నడిపించాలంటే ఎన్నో ఫొటోలు. అలా 1925లో 'ది లాస్ట్ వరల్డ్' కోసం రాక్షసబల్లులను నడిపించాడు. ఆ ఉత్సాహంతో 'క్రియేషన్' అనే మరో చిత్రం మొదలుపెడితే, ఖర్చు చేయి దాటుతోందని 1931లో స్టూడియో దాన్ని ఆపేసింది. నెలల తరబడి చేసిన బొమ్మలు మూలపడ్డాయి. సరిగ్గా ఆ మూలపడ్డ బొమ్మల మీదే మెరియన్ కూపర్ అనే దర్శకుడి కన్ను పడింది. అతని తలలో అప్పటికే ఒక మహావానరం తిరుగుతోంది. దానికి ప్రాణం పోసే మనిషి ఎదురుగా కనిపించాడు. ఆగిపోయిన ఆ సినిమాయే 'కింగ్ కాంగ్'కు పునాది అయింది.

1933లో తెరకెక్కిన ఆ కాంగ్ అసలు ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. పైన తొడిగింది కుందేలు చర్మం. ఇక్కడో తమాషా జరిగింది. ఫొటోకీ ఫొటోకీ మధ్య బొమ్మను జరిపేటప్పుడు వేళ్ళు తగిలి బొచ్చు అటూ ఇటూ చెదిరేది. తెరమీద చూస్తే వానరం ఒళ్ళంతా బొచ్చు అల్లాడుతున్నట్టు కనిపించింది. పని చెడిందని చేసినవాళ్ళు తల పట్టుకుంటే, చూసినవాళ్ళు మాత్రం కాంగ్‌కు కోపంతో వెంట్రుకలు ఎలా నిక్కబొడుచుకున్నాయో చూడండని మెచ్చుకున్నారు. గర్జన కోసం సింహం, పులి అరుపులను నెమ్మది చేసి, కొంత వెనక్కి తిప్పి కలిపారు. అరుపు నెమ్మదించేసరికి అరిచిన గొంతు పెద్దదైపోయింది. నెమ్మదికీ పెద్దరికానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. మిగతా కథంతా దానిమీదే నడుస్తుంది.

ఆ 'కింగ్ కాంగ్'ను జపాన్‌లో చూసి మతి పోగొట్టుకున్నవాడు ఎయిజి త్సుబురాయా అనే కెమెరామన్. ఫిల్మ్ సంపాదించి, ఒక్కొక్క ఫ్రేమూ పరీక్షగా చూసి, ఏది ఎలా చేశారో తనంతట తానే విప్పుకున్నాడు. ఎప్పటికైనా అలాంటిది తీయాలనుకున్నాడు. హిందూ మహాసముద్రంలో జపాన్ పడవల మీద పడే రాకాసి ఆక్టోపస్ కథ కూడా ఒకటి రాసిపెట్టుకున్నాడు. కానీ తీసే అవకాశం రాలేదు. యుద్ధం వచ్చింది, పోయింది, ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

1954లో టోహో సంస్థ నిర్మాత తొమొయుకి తనకా ఇండోనేషియాతో కలిసి తీయాల్సిన పెద్ద చిత్రం అనుమతుల దగ్గర చెడిపోయింది. బదులుగా ఏదో ఒకటి తీసి తీరాలి. ఖాళీ చేతులతో విమానంలో తిరిగి వస్తూ కిందనున్న సముద్రం కేసి చూస్తుంటే, ఆ నీళ్ళ అడుగున ఏదైనా పడుకుని ఉంటేనో, దాన్ని బాంబు నిద్ర లేపితేనో అనిపించిందట. ఆ ఊహ ఊరికే రాలేదు. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. పేలుడు అనుకున్నదానికన్నా రెండు రెట్లకు పైగా పెద్దదైపోయి, దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ డైగో ఫుకుర్యు మారు మీద తెల్లటి బూడిద రాలింది. పడవలో ఉన్న 23 మందికీ అణుధూళి సోకింది. వారిలో రేడియో పనిచేసే అతను సెప్టెంబరులో చనిపోయాడు. జపాన్ ఇళ్ళలో చేప కొనాలంటే భయపడే రోజులవి.

తనకా పిలిచిన దర్శకుడు ఇషిరో హోండా. ఏళ్ళ తరబడి సైన్యంలో నలిగి, చైనాలో ఖైదీగా ఉండి, 1946లో ఇంటికి వస్తూ హిరోషిమా మీదుగా ప్రయాణించినవాడు. సంగీతం కట్టిన అకిరా ఇఫుకుబే అన్నగారు యుద్ధకాలపు పరిశోధనల్లో రేడియేషన్ సోకి మరణించాడు. ఈ సినిమాకు చేరిన మనుషులు తమ తమ బరువులు మోసుకుంటూ వచ్చినవాళ్ళే. గొరిల్లా, జపాన్ భాషలో తిమింగలం అనే అర్థమున్న 'కుజిరా' రెండూ కలిపి మృగానికి 'గొజిరా' అని పేరు పెట్టారు. మనం పిలిచే గాడ్జిల్లా అదే.

పేరు దొరికింది, కథ దొరికింది. ప్రాణం పోయడం ఎలా? త్సుబురాయా మనసు ఒబ్రయన్ పద్ధతి మీదే ఉంది. కాని ఆ లెక్కన తీస్తే ఏడేళ్ళు పడుతుందని ఆయనే చెప్పాడంటారు. సినిమా ఆ నవంబరుకల్లా రావాలి. ఉన్నది నెలలు మాత్రమే. గతిలేక, మనిషికి తోలు తొడిగి నడిపిద్దామన్నారు. ఇరవై ఏళ్ళు కన్న కల పక్కనపెట్టి, వీధినాటకంలో ఎలుగుబంటి వేషంలాంటి పనికి దిగాల్సి వచ్చింది.

మొదటి తోలు సుమారు 100 కిలోలు తూగింది. అందులోకి దిగిన హరువో నకాజిమా అనే యువనటుడు పట్టుమని పది మీటర్లు నడవలేకపోయాడు. పైన దీపాల మంట, లోపల రబ్బరు ఉక్క. దాన్ని కోసి కాళ్ళవరకు విడిగా వాడుకుని, ఇంకో తోలు చేశారు. అదీ బరువే, కాకపోతే నడవగలిగే బరువు. ఒక్కొక్క షాటు అయ్యాక లోపలినుంచి చెమట వంచి పారబోయాల్సి వచ్చేది. ఒంటినిండా గరుకు గరుకు మడతలు పెట్టారు. అణుబాంబు దెబ్బకు కాలిన మనుషుల ఒంటిమీద మిగిలిన మచ్చలు చూసినవాళ్ళకు ఆ చర్మం ఏం చెబుతోందో విప్పి చెప్పక్కర్లేకపోయింది.

నకాజిమా నడక నేర్చుకోవడానికి టోక్యోలోని ఉయెనో జంతుశాలకు వెళ్ళాడు. ఏనుగులూ ఎలుగుబంట్లూ అడుగు ఎలా ఎత్తుతున్నాయి, ఎలా మోపుతున్నాయి అని గమనించాడు. ఈ ముచ్చట చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే ఆ జంతుశాల ఏనుగులు యుద్ధకాలంలో ఆకలితో మాడి చచ్చిపోయాయి. యుద్ధమయ్యాక ఏనుగంటే ఏమిటో చూడని టోక్యో పిల్లలు మాకో ఏనుగు కావాలని నెహ్రూగారిని అడిగితే, 1949లో ఆయన మైసూరు నుంచి ఒక ఏనుగును పంపించి, దానికి తన కూతురి పేరు పెట్టారు. నకాజిమా వెళ్ళేనాటికి ఆ ఇందిర అక్కడే ఉంది. గాడ్జిల్లా నడకలో మన ఏనుగు అడుగు ఒకటి కలిసిందనుకోవడం నాకెంతో ఇష్టం.

అయితే నడక ఒక్కటే చాలదు. కథలో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. అప్పటి టోక్యోలో భవనాలు 31 మీటర్లు దాటకూడదని నియమం ఉండేది, కనుక మృగం వాటి తలమీదుగా తొంగిచూడగలదు. స్టూడియోలో ఊరిని 25వ వంతుకు కుదించి కట్టారు. ఇక్కడే చిక్కు. మన నడుమెత్తు బొమ్మ భవనం రెప్పపాటులో కూలిపోతుంది. నిజం భవనం అయితే పైకప్పు నేలను చేరడానికి చాలాసేపు పడుతుంది. కన్ను ఆ తేడాను ఇట్టే పసిగడుతుంది. అందుకని కెమెరాను జోరుగా తిప్పి, తెరమీద మామూలు వేగంతో వేశారు. అంతా నెమ్మదించింది. 25వ వంతు బొమ్మకు భౌతికశాస్త్రం లెక్క కడితే అయిదు రెట్ల నెమ్మది కావాలి. మృగం అడుగు ఆలస్యంగా పడింది, ఇటుక ఆలస్యంగా రాలింది, ధూళి ఆలస్యంగా లేచింది. ఆలస్యమయ్యేకొద్దీ బరువు పుట్టుకొచ్చింది. కరెంటు టవర్లను మైనంతో చేసి, వేడి తగిలించి కరిగించారు. ఉక్కు కరిగి వంగే ఆ దృశ్యాన్ని మా టాటానగర్‌వాళ్ళం ఒకందుకు, తక్కినవాళ్ళు ఇంకొకందుకు కన్నార్పకుండా చూస్తాం.

గర్జన దగ్గర మళ్ళీ ఓటమి. రకరకాల జంతువుల అరుపులు తెచ్చి కలిపి చూశారు. ఏది విన్నా ఏదో ఒక తెలిసిన జంతువే అరిచినట్టుంది. చివరికి ఇఫుకుబే జంతువుల్నే వదిలేశాడు. కాంట్రాబాస్ అనే పెద్ద తంత్రీవాద్యం తీగను వదులు చేసి, గుగ్గిలం పట్టించిన తోలు గ్లవ్‌తో దానిమీద రాపించి, ఆ శబ్దాన్ని నెమ్మది చేశాడు. ఏ ప్రాణిదీ కాని ఏడుపులాంటి కేక వచ్చింది. డెబ్భై ఏళ్ళుగా ఆ కేక వినగానే జనం గుర్తుపడుతున్నారు.

1954 నవంబరు 3న 'గొజిరా' విడుదలైంది. దేశం గాయాన్ని వినోదంగా అమ్ముతున్నారని కొందరు విమర్శకులు విసుక్కున్నారు. జనం మాత్రం 96 లక్షల టిక్కెట్లు కొన్నారు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే మా మేనల్లుడికి బెంగే ఉండేది కాదు. 1962లో కాంగ్‌తో గాడ్జిల్లాకు కుస్తీ పెడితే కోటికి పైగా జనం చూశారు. ఆ రుచి మరిగి, దాదాపు ఏటా ఒక కుస్తీ. మృగం పిల్లలకు నేస్తమైంది, లోకాన్ని కాపాడే వీరుడైంది. 1970లో త్సుబురాయా కన్నుమూశాడు. 1973 నాటి చిత్రంలో గాడ్జిల్లా తోకమీద జారుకుంటూ వచ్చి రెండు కాళ్ళూ గాల్లోకి లేపి శత్రువును తన్నింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాని అంతటి దేహం గాల్లో తేలిన క్షణాన, నకాజిమా చెమటోడ్చి మోసిన బరువంతా ఆవిరైపోయింది. 1975లో హోండాను మళ్ళీ పిలిపించి తీసిన చిత్రానికి పది లక్షల టిక్కెట్లు కూడా తెగలేదు. తొమ్మిదేళ్ళు ఇక సినిమా లేదు.

అభిమానులకు ఆశా భయం రెండూ కలిసి పుట్టింది ఆ తొమ్మిదేళ్ళలోనే. పెద్దవాళ్ళయిన పాత ప్రేక్షకులు, మా గాడ్జిల్లా మాకు కావాలి, మమ్మల్ని భయపెట్టే గాడ్జిల్లా కావాలి అన్నారు. 1984లో తనకా విన్నాడు. మధ్యలో వచ్చిన చిత్రాలన్నీ లేవనుకుని, 1954 తర్వాత మృగం మొదటిసారి తిరిగి వచ్చినట్టు కథ అల్లారు. టోక్యో భవనాలు పెరిగాయి గనుక మృగాన్నీ 80 మీటర్లకు పెంచారు. దాదాపు 5 మీటర్ల యంత్రపు బొమ్మను కూడా ఆర్భాటంగా తయారుచేశారు. అయినా సినిమాలో ఎక్కువ భాగం నడిచింది తోలు తొడుక్కున్న మనిషే.

పద్నాలుగేళ్ళ తర్వాత హాలీవుడ్ వంతు. 1998లో రోలాండ్ ఎమరిక్ తీసిన 'గాడ్జిల్లా'కు పరిమాణమే ముఖ్యం అనే అర్థం వచ్చే నినాదంతో ఊరూరా ప్రచారం చేశారు. డబ్బుకు కొదవ లేదు, కంప్యూటర్లకు కొదవ లేదు. నేనూ ఎగబడి చూశాను. ఆ జంతువు మేడల మధ్య ఉడుములా పరుగెత్తింది, దాక్కుంది, గుడ్లు పెట్టింది, చివరికి వంతెన తీగల్లో చిక్కుకుని క్షిపణులకు చచ్చిపోయింది. ఇంటికి వస్తూ ఏదో వెలితి అనిపించింది, అదేమిటో చెప్పలేకపోయాను. జపాన్‌లో అప్పటిదాకా గాడ్జిల్లా తోలు తొడుక్కున్న నటుడు కెన్‌పచిరో సత్సుమా చెప్పగలిగాడు. దానిలో గాడ్జిల్లా ఆత్మ లేదంటూ ప్రదర్శన మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. పేరొక్కటే గాడ్జిల్లా అని అభిమానులు వెక్కిరించారు. 2004లో టోహోవాళ్ళు తమ చిత్రంలో ఆ హాలీవుడ్ జంతువును ఉత్త 'జిల్లా' అని పిలిచి, అసలు గాడ్జిల్లా చేతిలో క్షణాల్లో ఓడించి కసి తీర్చుకున్నారు.

ఆ పైన 2011 మార్చిలో భూకంపం, సునామీ, ఫుకుషిమా అణుకేంద్రం ప్రమాదం. జపాన్‌కు మళ్ళీ గుండెబరువు. హిదెయాకి అన్నో అనే దర్శకుణ్ణి కొత్త గాడ్జిల్లా తీయమంటే మొదట కాదన్నాడు. అప్పటికి ఆయన మనసు కుంగిపోయి ఉంది. చివరికి ఒప్పుకుని, షింజి హిగుచితో కలిసి 2016లో 'షిన్ గాడ్జిల్లా' తీశాడు. మృగం మొదట చేపకళ్ళతో, నేలమీద దేకుతూ, నెత్తురు కారుస్తూ వచ్చేసరికి, ఇదేం గాడ్జిల్లా అని హాల్లో కూర్చున్న అభిమానులే బిత్తరపోయారు. తర్వాత అది లేచి 118.5 మీటర్లు నిలబడింది. ఈసారి తోలు లేదు, అంతా కంప్యూటరే. అయినా నడక మాత్రం మనిషి దగ్గరే అడిగి తెచ్చుకున్నారు. శతాబ్దాల నాటి క్యోగెన్ నాటకాల కుటుంబానికి చెందిన మన్‌సాయి నొమురా కదలికలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆయన నిదానపు అడుగులను మృగానికి ఇచ్చారు.

ఇక యమజాకి. ఆయన 2023 నవంబరు 3న, అంటే తొలి చిత్రం విడుదలైన తేదీనే, 'గాడ్జిల్లా మైనస్ వన్' తెచ్చాడు. కథను యుద్ధం ముగిసిన రోజులకు తీసుకుపోయాడు. నాయకుడు చావడానికి బయలుదేరి చావలేక తిరిగి వచ్చిన పైలట్. మృగంకన్నా ముందు సిగ్గు అతణ్ణి తొక్కేస్తుంటుంది. గ్రాఫిక్స్ పనికి ఉన్నది 35 మంది, చేయాల్సిన షాట్లు 610. దర్శకుడే గ్రాఫిక్స్ పెద్ద కూడా కావడంతో, వాళ్ళ పక్కనే కూర్చుని అప్పటికప్పుడు తేల్చేవాడు. సముద్రంలో మృగాన్ని చూపడం అన్నిటికన్నా కష్టం. నీరు సరిగ్గా చీలకపోతే బరువు తెలియదు. ఆ బృందంలో 25 ఏళ్ళ తత్సుజి నొజిమా అనే కుర్రాడికి నీటిని కంప్యూటర్లో అల్లడం ఇంట్లో సరదా. ఆ సరదాగా చేసింది చూసి యమజాకి సముద్రపు సన్నివేశాలను పెంచాడు. 2024 మార్చిలో ఆ కుర్రాడూ దర్శకుడూ కలిసి ఆస్కార్ వేదిక ఎక్కారు. గ్రాఫిక్స్‌కు ఆ బహుమతి గెలిచిన దర్శకుడు అంతకుముందు స్టాన్లీ కుబ్రిక్ ఒక్కడే.

ఇదంతా మా మేనల్లుడికి నాలుగు సాయంత్రాలు చెప్పాను. అంతా విని "అయితే మావయ్యా, ఈసారీ బాగా వస్తుందంటావా?" అన్నాడు. నేనేం చెప్పను? 1984లో ఆశపడ్డవాళ్ళకు కొంత దొరికింది. 1998లో ఆశపడ్డవాళ్ళు మోసపోయారు. 2016లో భయపడ్డవాళ్ళు ఆశ్చర్యపోయారు. మరీ పెద్దది చేస్తారన్న బెంగ మాత్రం అక్కర్లేదన్నాను. కాంగ్ 45 సెంటీమీటర్లే గదా.

మర్నాడు పొద్దున్నే దల్మా కొండ దిగి ఏనుగులు వచ్చి వెళ్ళాయని తెలిస్తే ఇద్దరం డిమ్నా అవతలికి బండేసుకుని పోయాం. ఏనుగులు లేవు. వరిమడిలో అడుగులున్నాయి. ఒక్కొక్కటి పళ్ళెమంత, అంచులు మెత్తగా లేచి, లోపల నీళ్ళు ఊరి, అందులో ఆకాశం ముక్క. తొలి గాడ్జిల్లా చిత్రంలో కూడా ముసలి శాస్త్రవేత్త మృగం ముఖం చూడకముందే నేలలో దిగిన దాని అడుగు దగ్గర నిలబడతాడు. మా వాడు చెప్పు విప్పి ఆ గుంటలో కాలు పెట్టాడు. వాడి కాలు ఒక మూలకు కూడా సరిపోలేదు. వాడు కొండవైపు చూశాడు. అక్కడ ఏమీ కదల్లేదు.

"ఎంత పెద్దదై ఉంటుంది మావయ్యా?" అన్నాడు, చిన్న గొంతుతో.